మదనపల్లెలో ఒక ఐర్లండు కవి

కుప్పం సంతలో ఒక అరగంట నిలబడితే మూడు భాషలు చెవిన పడతాయి. బేరం తమిళంలో మొదలై, కన్నడంలో ముదిరి, తెలుగులో తెగుతుంది. ఒకరి మాట ఒకరికి విప్పి చెప్పేవాడు అక్కడ వుండడు. ఆ అవసరమూ రాదు. అక్కడినుంచి వి.కోట, పలమనేరు మీదుగా ఉత్తరానికి పోతే పుంగనూరు వస్తుంది. ఇంకా పోతే మదనపల్లె. సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తున వున్న నేల అది. మంచి ఎండల్లో చిత్తూరునుంచి మొగిలి కనుమ ఎక్కి వచ్చినవాడు "అమ్మయ్య" అని పై గుండీ సడలించుకుంటాడు.

పుంగనూరు అనగానే నలుగురికీ గుర్తుకు వచ్చేది ఆవు. మూడడుగుల ఎత్తు, పిల్లలు కౌగిలించుకోవడానికి వీలైన మెడ, కొద్దిపాటి మేత, చిక్కటి పాలు. పూర్వం అది చిక్కరాయలవారి జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీకి ముఖ్యస్థానం. ఈ చుట్టుపక్కలనే కార్వేటినగరం, శ్రీకాళహస్తి సంస్థానాలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటునుంచి కొంత, కడపనుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలూ తెచ్చి అతికారు.

ఆ కాలంలో కవికి ఆశ్రయం అంటే జమీందారే. కార్వేటినగరంలో సారంగపాణి పదాలు కట్టాడంటే సంస్థానం అన్నం పెట్టింది కనుకనే. దొరవారికి మనసైతే శాలువా, మనసు కాకపోతే తిరుగు బండి. మరి జమీందారీల వెలుగు తగ్గిపోయాక కవిని ఎవరు నిలబెట్టాలి? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దేశంలో కొత్త తరహా మనుషులు కొందరు బయలుదేరారు. వారూ కవులే. కాని తమ పద్యం తాము రాసుకొని కూర్చోక, ఇతరుల పద్యానికి చోటు వెతకడం ఒక పనిగా పెట్టుకున్నారు. సమితులు, పత్రికలు, కాలేజీలు, చందాలు, పీఠికలు, ఉత్తరాలు—ఇవే వారి సంస్థానాలు. తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారు సాహితీసమితికి సభాపతిగా కూర్చుని కుర్రకవులను చేరదీసిన కథ మన పెద్దలు చాలామంది రాశారు. కొంచెం అటూ ఇటూగా అవే రోజుల్లో మదనపల్లెలో ఇంకొకరు అదే పని చేస్తూ వుండేవారు. ఆయన తెలుగువారు కాదు. భారతీయులే కారు. ఐర్లండు దేశస్థుడు, పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. ఇంగ్లీషులో ఆ మాటకు పినతండ్రి బిడ్డలని అర్థం కదా. పేరులోనే చుట్టరికం పెట్టుకొని వచ్చాడు మహానుభావుడు.

కజిన్స్ 1873లో బెల్‌ఫాస్టులో పుట్టాడు. కలిగినవారి బిడ్డ కాదు. చిన్న గుమాస్తా ఉద్యోగాలతో బ్రతుకు మొదలుపెట్టాడు. 1894లో, ఇరవై ఒక్కటో ఏట, తొలి పద్యసంపుటి అచ్చువేసుకున్నాడు. తరువాత డబ్లిన్ చేరాడు. అప్పటి డబ్లిన్ మామూలు ఊరు కాదు. ఇంగ్లీషువాడి పాలనలో తన భాష, తన కథలు, తన నాటకం ఏమైపోయాయని ఒక జాతి తడుముకుంటున్న సమయం. యేట్సు, ఏ.ఇ. అనే పేరుతో రాసే జార్జి రస్సెల్, లేడీ గ్రెగరీ—అందరూ అక్కడే. 1902లో ఐరిషు నాటక ఉద్యమం తొలి అడుగులు వేస్తున్నప్పుడు ఆడిన నాటకాలలో కజిన్స్ నాటకాలు కూడా వున్నాయి. తరువాత యేట్సుకు ఆయన రచన అంతగా రుచించలేదు. ఆ రంగస్థలంమీద కజిన్స్‌కు చోటు ఇరుకైపోయింది. పెద్ద చెట్టు కింద చిన్న మొక్క గతి.

1903లో మార్గరెట్‌ను పెళ్లాడాడు. ఆమె సంగీతంలో పట్టం పుచ్చుకున్న విదుషి. ఇద్దరూ శాకాహారులు. శాకాహారులే కాదు, ఆ మతానికి ప్రచారకులు కూడాను! 1904 జూనులో ఇల్లూవాకిలీ లేక తిరుగుతున్న ఒక కుర్రరచయితను ఈ దంపతులు తమ ఇంట్లో పెట్టుకున్నారు. అతనే జేమ్స్ జాయిస్. తరువాత ప్రపంచం తలకిందులయ్యేలా నవలలు రాసిన ఆ జాయిసే. కొద్ది రోజులకే వెళ్లిపోయాడు. కూరగాయల భోజనం కడుపుకు పడలేదన్నాడట! మన ఇళ్లలో అయితే ఏమనేవారో ఆలోచించుకోండి. అన్నం పెట్టినందుకు 1912లో ఒక హాస్యపద్యంలో కజిన్స్‌ను కూడా తడిమి వదిలిపెట్టాడు జాయిస్. కజిన్స్ పేరు ఇంగ్లీషు సాహిత్య చరిత్రలలో ఎక్కడైనా తగిలితే, చాలావరకు ఈ జాయిస్ కథ అడుగునే తగులుతుంది. కవికి ఇంతకంటె అన్యాయం ఏముంటుంది? కాని కథ మొదటినుంచీ ఇలాగే నడిచిందని గమనించండి. ఇంట్లో చోటు పెట్టడం ఆయన వంతు, పేరు తెచ్చుకోవడం ఇంకొకరి వంతు.

దంపతులిద్దరూ దివ్యజ్ఞాన సమాజంలో చేరారు. 1915లో అనిబిసెంటమ్మ పిలుపు అందుకొని మద్రాసు వచ్చారు. ఆమె నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో కజిన్స్‌కు సాహిత్యపు పుటలు చూసే ఉపసంపాదకత్వం దొరికింది. హాయిగా రోజులు గడిచిపోవలసిందే. ఇంతలో 1916 ఏప్రిలులో డబ్లిన్ వీధుల్లో తిరుగుబాటు లేచింది. అణిచివేసి, నాయకులను మే నెలలో వరుసగా కాల్చి చంపారు. ఆ చనిపోయినవారిలో పియర్స్, మెక్‌డొనా, ప్లంకెట్—ముగ్గురూ కవులే. కజిన్స్ ఊరుకోలేకపోయాడు. ఆ తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాసి పత్రికలో వేశాడు. యుద్ధకాలం! దొరతనంవారు కళ్లెర్రజేశారు. పత్రికే మూతపడే ప్రమాదం వచ్చేసరికి బిసెంటమ్మకు ఆయనను తప్పించక తప్పలేదు.

వచ్చి ఏడాది తిరగకముందే, తెలియని దేశంలో, ఉద్యోగం పోయింది. అప్పుడు దొరికిన ఆశ్రయం మదనపల్లె.

అక్కడ దివ్యజ్ఞానులు ముందునుంచీ బడి నడుపుతున్నారు. 1915లో బిసెంటమ్మ దానిని కాలేజీ చేసింది. ఈనాటికీ ఊరంతా 'బి.టి. కాలేజీ' అని పిలుచుకొనేది అదే. రాయలసీమలో ఉన్నత విద్యకు అది తొలి దివ్వెలలో ఒకటి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు కూడా మదనపల్లే అని చాలామందికి తెలుసు. ఊరి పక్క ఆరోగ్యవరంలో క్షయరోగులకు ఆస్పత్రి తెరిచినదీ 1915లోనే. గాలి మంచిదని పేరు. డబ్బు మటుకు ఎవరి దగ్గరా లేదు. కజిన్స్ అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాడు.

కాలేజీ పరిస్థితి అంతంత మాత్రం. బిసెంటమ్మ హోంరూలు ఉద్యమం నడుపుతున్నది. 1917 జూనులో ఆమెను ఊటీలో నిర్బంధించారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు ఊరుకుంటారా? ఊరేగింపులు, సభలు. దాని ఫలితంగా మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు పోయింది. గుర్తింపు లేని కాలేజీ అంటే ఏమిటో ఆడపిల్ల పెళ్లికి అప్పు చేసి కొడుకును చదివించిన తండ్రిని అడగండి. డిగ్రీకి విలువ లేదు, ఉద్యోగానికి దారి లేదు. అటువంటప్పుడు బిసెంటమ్మ అనుచరులు జాతీయ విద్య కోసం ఒక సంఘం పెట్టి, ఒక జాతీయ విశ్వవిద్యాలయాన్ని ప్రకటించి, మదనపల్లె కాలేజీని దానికి అనుబంధించారు. ఆ విశ్వవిద్యాలయానికి కులపతిగా పేరు ఇచ్చినది రవీంద్రనాథ ఠాకూరు. మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాలుగా కూర్చున్నది కజిన్స్.

ఈ మాట ఒక్క క్షణం ఆలోచించవలసినది. ఇద్దరూ కవులు. ఇద్దరూ గుర్తింపు లేని బడులు నెత్తిన పెట్టుకున్నారు. ఠాకూరుకు నోబెల్ బహుమానం వుంది, వంశం వుంది, జమీ వుంది. అయినా శాంతినికేతనం కోసం ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇవ్వవలసి వచ్చింది. కజిన్స్‌కు వున్నది కలం, భార్య, చందాదారులు.

1919 మొదట్లో ఠాకూరు దక్షిణాదిన అటువంటి యాత్రే చేస్తున్నారు. బాగా అలిసిపోయారు. ఫిబ్రవరి చివర మదనపల్లెకు విశ్రాంతికి వచ్చారు. కొద్ది రోజులు వున్నారు. ఒక సాయంత్రం విద్యార్థులు పాటల గోష్ఠి జరుపుకుంటూ వుంటే ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. మీరూ ఒకటి పాడాలని అడిగారు. ఆయన పాడిన పాట 'జనగణమన'. పిల్లలకు బెంగాలీ ఏం తెలుసు? అయినా రెండో చరణానికే వంతపాట అందుకున్నారు. ఆ గడ్డం ముసలాయన ఒక్కడు పాడుతూ వుంటే, పుంగనూరు, వాయల్పాడు, కడప పల్లెలనుంచి వచ్చిన పంచెకట్టు కుర్రాళ్లు గొంతు కలపడం కళ్లముందు నిలుపుకోండి.

మదనపల్లెవారు పొరపాటున కొన్నిసార్లు 'జాతీయగీతం మా ఊళ్లో పుట్టింది' అంటూ వుంటారు. ప్రేమకొద్దీ అన్న మాట. కాని నిజం కాదు. ఆ పాట 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో పాడగా దేశం విన్నది. మదనపల్లెలో జరిగినది వేరు, అదీ తక్కువది కాదు. ఆ పాటను ఠాకూరు అక్కడే ఇంగ్లీషులోకి స్వయంగా అనువదించి, 1919 ఫిబ్రవరి 28 తేదీ వేసి సంతకం చేశారు. మార్గరెట్ కజిన్స్ ఆయన పాడుతూ వుంటే విని, స్వరాలు రాసి, మళ్లీ ఆయనకు వినిపించి, సరి అనిపించుకున్నది. అంతకుముందు పాట నోటినుంచి నోటికి పోయేది. ఇప్పుడు బెంగాలీ రాని మనిషి కూడా ఎక్కడినుంచైనా చూసి పాడుకోదగిన స్థితికి వచ్చింది. ఆనాటినుంచి కాలేజీలో పొద్దుటి ప్రార్థనకు అదే పాట. ఠాకూరు ఆ కాలేజీని దక్షిణాది శాంతినికేతనమని మెచ్చుకున్నట్లు అక్కడ చెప్పుకుంటారు.

ఠాకూరు మదనపల్లె వదిలిన ఆరు వారాలకే జలియన్‌వాలాబాగు కాల్పులు జరిగాయి. ఆయన సర్ బిరుదు వదులుకున్నారు. కజిన్స్ ఆ ఏడే జపానుకు పోయి, కవి యోనె నొగుచి బోధించే కెయో విశ్వవిద్యాలయంలో కొంతకాలం ఇంగ్లీషు కవిత్వం చెప్పి తిరిగి వచ్చాడు.

పాట సంగతి అంతటితో ఆయన మరిచిపోలేదు. 1937లో ఏది జాతీయగీతం కావాలని కాంగ్రెసులోను, పత్రికలలోను వాదాలు చెలరేగినప్పుడు, కజిన్స్ నవంబరులో మద్రాసు పత్రికకు లేఖ రాశాడు. దాదాపు ఇరవై ఏళ్లుగా జనం తమంత తాము పాడుకుంటున్న ఈ పాటనే అధికారికంగా ఒప్పుకోండని ఆయన సలహా. ఎవరి పాట? బెంగాలీ కవిది. ఎవరి దేశం? ఐర్లండువాడిది కాదు. 1950 జనవరి 24న రాజ్యాంగసభ ఆ పాటను జాతీయగీతంగా ప్రకటించినప్పుడు కజిన్స్ బ్రతికే వున్నాడు.

ఇంతవరకు ఒక పెద్దకవికి ఆతిథ్యం ఇచ్చిన కథే కదా అని మీరనవచ్చు. పెద్దవారికి ఆతిథ్యం ఎవరైనా ఇస్తారు. కజిన్స్ అసలు పని చిన్నవారితో.

1918లో అచ్చయిన ఒక పుస్తకం చూడండి. రాసినవాడు హైదరాబాదులో పెరిగిన ఇరవై ఏళ్ల కుర్రవాడు, సరోజినీదేవి తమ్ముడు హరీంద్రనాథ చట్టోపాధ్యాయ. అక్కపేరు దేశమంతా మోగుతూ వున్నప్పుడు తమ్ముడు పద్యాలు రాస్తే ఎవరు పట్టించుకుంటారు? పీఠిక రాసి, ఇతను తన కాళ్లమీద నిలబడగల కవి అని లోకానికి చెప్పినవాడు కజిన్స్. ఆ హరీంద్రనాథుడే తరువాత నాటకాలు ఆడి, పాటలు పాడి, 1952లో మన విజయవాడనుంచి లోకసభకు వెళ్లాడు. బెజవాడలో ఆయన పాటలు విన్న పెద్దలు ఇప్పటికీ కొందరుంటారు.

అంతకుముందు ఏడు, 1917లో, కజిన్స్ ఇంగ్లీషు సాహిత్యంలో వస్తున్న కొత్త పోకడలమీద ఒక విమర్శగ్రంథం ప్రకటించాడు. పుదుచ్చేరిలో అరవిందులు దానిని చేతిలోకి తీసుకొని, తమ 'ఆర్య' పత్రికలో సమీక్ష మొదలుపెట్టారు. సమీక్ష సమీక్షగా ఆగలేదు. 1917 డిసెంబరునుంచి 1920 జూలై దాకా నెలనెలా సాగి, కవిత్వం ముందుముందు ఏ రూపు దాల్చుతుందనే మహాగ్రంథమై కూర్చుంది. ఇవాళ అరవిందుల పుస్తకం చదివేవారు వున్నారు. దానికి నిప్పు రవ్వ అందించిన పుస్తకాన్ని చదివేవారు అరుదు.

నాకు అన్నిటికంటె నచ్చే సంఘటన 1924లో మైసూరులో జరిగింది. కజిన్స్ అక్కడికి ఉపన్యాసాలకు వెళ్లాడు. ఇరవై ఏళ్లు నిండని విద్యార్థి ఒకడు తన ఇంగ్లీషు పద్యాలు పట్టుకొని చూపించడానికి వచ్చాడు. అప్పటికే ఇంగ్లీషులో చిన్న పుస్తకం అచ్చువేసుకున్నవాడు. మెచ్చుకుంటాడని ఆశ. కజిన్స్ చదివాడు. చదివి, నీ సొంత భాషలో ఏమైనా రాశావా అని అడిగాడు. కుర్రవాడికి కష్టం తోచింది. కన్నడంలో కొత్త భావాలకు తగిన పలుకుబడి ఏదని అతని అనుమానం. రాసేవాడు రాస్తే అదే వస్తుంది, నీ భాషలోనే రాయి అని కజిన్స్ చెప్పి పంపాడు.

ఆ కుర్రవాడు కె.వి. పుట్టప్ప—కువెంపు. కన్నడంలో రాసిన రామాయణ మహాకావ్యానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి, 1967 సంవత్సరానికి జ్ఞానపీఠం. కన్నడానికి మొదటి జ్ఞానపీఠం అదే. ఆ ఐర్లండు కవి మాటవల్లనే దారి మళ్లిందని ఆయన దాచుకోకుండా చెప్పుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. నీ భాషలో రాయమని చెప్పిన కజిన్స్, స్వయంగా జన్మంతా రాసినది ఇంగ్లీషులో. ఐరిషు భాష ఆయన పెరిగిన బెల్‌ఫాస్టు ఇంటి భాష కాదు. పోయినదాని విలువ పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది కాబోలు. కన్నడ కుర్రవాడి చేతిలో ఇంకా పోని భాష ఒకటి వుండటం ఆయన కంటికి వెంటనే ఆనింది.

కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఈ కథ ఎవరికైనా గుర్తుకు వచ్చిందో లేదో గాని, వచ్చివుంటే బాగుండును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతిమీదుగా లేచి, ఇరుగుపొరుగు తమిళ, కన్నడ, కేరళ రాష్ట్రాల సహకారంతో నడవాలని తలపెట్టిన సంస్థ అది. మూడు భాషలు ఒక సంతలో కలిసే ఊరిని ఎంచుకోవడంలో ఔచిత్యం వుంది. మొదటి ఉపాధ్యక్షులు పి.వి. అరుణాచలంగారు లెక్కల పండితులు; భాషల సంస్థకు లెక్కలవారేమిటని అప్పట్లో నవ్వుకున్నవారు వుంటే, కజిన్స్ కాలేజీ లెక్కలు ఒకసారి చూసుకొనివుంటే నవ్వేవారు కారు. ఇటువంటి సంస్థలకు పద్యంతోపాటు కూడికలు కూడా రావాలి.

నాకు ఒక మనస్తాపం వుంది, దాచుకోను. కజిన్స్ చేయూత పొందిన వారి వరుసలో బెంగాలీ వున్నాడు, కన్నడిగుడు వున్నాడు, చిత్రకారులు వున్నారు. ఏళ్ల తరబడి తెలుగు గడ్డమీద కూర్చుని కాలేజీ నడిపినవాడి వరుసలో, కువెంపుతో సమంగా చెప్పదగిన తెలుగు కవి పేరు చప్పున తోచదు. మన కవులు మదనపల్లె దాకా పోలేదా? వెళ్లినవారు తెలుగు కాగితాలు జేబులో దాచి ఇంగ్లీషు కాగితాలే చూపించారా? కోస్తా కుర్రకవులకు అప్పుడు తెనాలి వుంది, బందరు వుంది, రాజమహేంద్రవరం వుంది. సీమ కుర్రవాడికి ఏముంది? గుర్తింపు లేని కాలేజీ, అందులో తెలుగుకు గంటకింత చొప్పున చోటు. తప్పు ఆయనదని అనను. కాని దీపం పక్కనే వుండి మనం ఒత్తి వెలిగించుకోలేదనిపిస్తుంది.

సరే, ఆయన మదనపల్లెలోనే కూర్చోలేదు. 1922లో అడయారులో బ్రహ్మవిద్యాశ్రమం మొదలైనప్పుడు దాని చదువుల భారం మోశాడు. 1924లో మైసూరు జగన్మోహన ప్యాలెసులో చిత్రశాల అమర్చడానికి తోడ్పడ్డాడు. ఐరోపా, అమెరికాలలో భారతీయ చిత్రాల ప్రదర్శనలు పెట్టాడు. న్యూయార్కులో పాఠాలు చెప్పాడు. 1935లో తిరువనంతపురంలో శ్రీచిత్ర చిత్రశాల తెరిచారు; దాని రూపురేఖలు ఆయనవి. 1936లో రుక్మిణీదేవి కళాక్షేత్రం స్థాపించినప్పుడు పక్కన నిలబడినవారిలో కజిన్స్ దంపతులు వున్నారు. నడుమ 1930లలో మళ్లీ మదనపల్లె వచ్చి ప్రిన్సిపాలు కుర్చీ ఎక్కాడు. హిందూమతం స్వీకరించి జయరాం అని పేరు పెట్టుకున్నదీ ఆ దశకంలోనే.

ఎక్కడికి పోయినా పని ఒక్కటే. ఎవరి దగ్గర బొమ్మ వుందో, ఎవరి దగ్గర గోడ వుందో, ఎవరి దగ్గర డబ్బు వుందో కనుక్కొని ముగ్గురినీ ఒక గదిలోకి తేవడం. ఇది కవిత్వం కాదు. దీనికి బిరుదులు వస్తాయి, కృతజ్ఞతలు వస్తాయి, పూలదండలు వస్తాయి, పద్యాలు రావు. రైలులో రాసిన పద్యానికి, కమిటీ సమావేశం మధ్య రాసిన పద్యానికి రైలు వాసన, కమిటీ వాసన తగులుతాయి. కజిన్స్ పద్యాలు చక్కగా నడుస్తాయి. పాతకాలపు మర్యాదతో, ఐరిషు పురాణాలతో, వేదాంతపు మెరుపుతో నడుస్తాయి. కాని ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు కవిత్వం తనంటింట్లోనే పడుకొని వెళ్లిన జాయిస్ తరం చేతిలో వేరే దారి పట్టింది. ఆయన ఆ దారిని చూడనూ లేదు, చూడాలని అనుకోనూ లేదు. 1940లో కళాక్షేత్రం ఆయన పద్యాలన్నీ కలిపి పెద్ద సంపుటిగా వేసింది. తాను నిలబెట్టిన సంస్థే తన పుస్తకం వేయవలసి రావడంలో గౌరవమూ వుంది, కొంచెం విచారమూ వుంది. డబ్లిన్‌లోనో లండన్‌లోనో పెద్ద ప్రచురణకర్త ముందుకు వచ్చివుంటే కథ వేరు.

మార్గరెట్ సంగతి రెండు ముక్కల్లో తేల్చడం అన్యాయమే గాని, ఆమెకు వేరే వ్యాసం కావాలి. 1917లో మహిళా భారత సంఘం, 1927లో అఖిల భారత మహిళా మహాసభ ఆమె చొరవతో లేచినవి. మన దేశంలో మేజిస్ట్రేటు అయిన తొలి స్త్రీ ఆమె. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులను ధిక్కరించి మాట్లాడినందుకు వేలూరు జైలుకు పోయింది. జాతీయగీతానికి స్వరం రాసిన చేయి, జైలుగది ఊచ పట్టుకున్న చేయి ఒకటే. తరువాతి కాలంలో పక్షవాతం వచ్చి మంచాన పడింది. 1950లో దంపతులిద్దరూ కలిసి రాసిన ఆత్మకథ మద్రాసులో అచ్చయింది. లావుపాటి పుస్తకం, ఒక భాగం ఆయన, ఒక భాగం ఆమె, వంతులవారీగా చెప్పుకుంటూ పోతారు. 'మేమిద్దరం కలిసి' అని దాని పేరుకు అర్థం. మన ఇళ్లలో ముసలి దంపతులు పాత సంగతి చెప్పేటప్పుడు ఒకరి మాట ఒకరు అందుకుంటారే, అచ్చంగా అలాగే వుంటుంది.

1954 మార్చిలో ఆమె పోయింది. అప్పటికి కజిన్స్‌కు ఎనభై ఏళ్లు. ఐర్లండుకు తిరిగిపోయి, ఆ స్వతంత్ర దేశంలో కన్ను మూయవచ్చు, ఎవరూ కాదనరు. ఆయన పోలేదు. ఉద్యోగం ఊడిన రోజున తనకు పాఠాలు చెప్పుకొనే గది ఇచ్చిన ఊరిలోనే, మదనపల్లెలో, 1956 ఫిబ్రవరి 20న కన్ను మూశాడు.